బదిలీ వర్కర్ బాక్టీరియా

గనిలో కొత్త నియామకాలు జరిగాయి. రాత పరీక్ష లేదు, రోస్టర్ లేదు, లోకల్ నాన్‌లోకల్ తగువు లేదు, యూనియన్ నాయకుడి చీటీ లేదు. ఎంపికైనవాళ్లు పాకెట్లలో వచ్చారు, బొలెరో దిగారు, నేరుగా లోపలికి వెళ్లిపోయారు. ఆరెకరాల చెల్క గని కింద పోగొట్టుకున్నవాడి కొడుకు డిగ్రీ కాగితానికి లామినేషన్ చేయించుకుని ఏ గేటు ముందు నిలబడి నిలబడి నెత్తి నెరిపించుకున్నాడో, ఆ గేటు వాళ్లకు బార్లా తెరుచుకుంది.

పేర్లు అడిగితే రైజోబియం, అజటోబాక్టర్, భాస్వరం కరిగించే బాక్టీరియా, మైకోరైజా అన్నారు. డ్యూటీ ఏమిటంటే చచ్చిన నేలను బతికించడం. జీతం లేదు, లాభాల్లో వాటా లేదు, దసరా అడ్వాన్సు లేదు. కంటికి కనిపించరు కాబట్టి క్వార్టర్ అడగరు. నోరు లేదు కాబట్టి సమ్మె చేయరు. బొగ్గు బావుల్లో కొత్తగా చేరినవాణ్ని బదిలీ వర్కర్ అంటారు. ఏడాదికి ఇన్ని మస్టర్లు నిండితేగాని వాడు పర్మనెంటు కాడు. వీళ్లకు ఆ బెంగ కూడా లేదు, మొదటి షిఫ్టు మధ్యలోనే పోతారు. ఎందుకు పోతారో చెప్పడానికే ఈ రాత.

ఏ కంపెనీ అని అడక్కండి. గోదావరి లోయలో ఏ ఓపెన్‌కాస్టు పక్కన బస్సు దిగినా ఇదే కథ. ఒడిశాకు, జార్ఖండ్‌కు వెళ్లినా కథ మారదు, బోర్డు మీద లిపి మారుతుంది అంతే.

ముందు మాట దగ్గరే పేచీ ఉంది. బొగ్గు మీద ఉన్నదాన్ని గనివాళ్లు ఓబీ అంటారు. విప్పి చెబితే ఓవర్‌బర్డెన్, తెలుగులో అదనపు బరువు. ఇసుకరాయి అదనపు బరువు. బంకమన్ను అదనపు బరువు. ఇప్పచెట్టు, తునికి చెట్టు, కంది చేను, ఊరి బొడ్రాయి, తాత సమాధి, అన్నీ అదనపు బరువే. ఈ లెక్కన ఆవుకు పొదుగులో పాలు తప్ప మిగతాదంతా ఓబీ.

1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గును కనిపెట్టినప్పుడు ఈ బరువు గొడవ ఇంత లేదు. మనిషి చీకట్లోకి దిగి తట్టతో బొగ్గు ఎత్తుకొచ్చేవాడు, పైన చాలాచోట్ల చేను చేనుగానే ఉండేది. ఓపెన్‌కాస్టు వచ్చాక వరస మారింది. ఇప్పుడు మనిషి కిందికి దిగడు, నేలే పైకి లేస్తుంది. టన్ను బొగ్గు కావాలంటే దానికి ఎన్నో రెట్లు రాయీ మన్నూ తవ్వి పక్కన గుట్ట పోయాలి. ఆ గుట్టలు తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు పెరిగి, ఊళ్లకు సాయంత్రాన్ని గంట ముందే తెస్తున్నాయి.

ఆ తవ్వకంలో షావెల్ మొట్టమొదట నోట కరుచుకునేది జానెడు మందం పైమన్నును. అంగుళం మన్ను తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని డంపర్‌లోకి ఎత్తడానికి డ్రైవర్ బీడీ ముట్టించి ఆర్పేంత సేపు చాలు. ఆ మన్ను ఒక చెంచాడు తీసుకుంటే అందులో వందకోట్ల దాకా బాక్టీరియా ఉంటుంది. శిలీంధ్రపు దారాలు, వానపాము గుడ్లు, నిద్రపోతున్న గడ్డి గింజలు వేరే. భూసేకరణలో ఊరి ఇళ్లు లెక్క రాశారు, బావులు రాశారు, చింతచెట్లకు నంబర్లు వేశారు. ఈ జనాభాను ఎవరూ రాయలేదు. పునరావాసం ఊసే లేకుండా ఈ దేశంలో ఖాళీ చేయించిన అతి పెద్ద జనాభా ఇదే.

అలాగని నిబంధన లేదనుకోకండి. పర్యావరణ అనుమతి కాగితంలో నిక్షేపంగా ఉంది: పైమన్నును విడిగా తీసి, దానికి కేటాయించిన చోటే పోయాలి, వాడకుండా ఎక్కువ కాలం ఉంచకూడదు, నేలను తిరిగి బాగుచేయడానికే వాడాలి. బంగారం లాంటి షరతు. అందులో 'ఎక్కువ కాలం' అన్న రెండు మాటలున్నాయే, వాటి మీద మూడు తరాల అధికారులు రిటైరయ్యారు. ఎక్కువ కాలం అంటే ఎంత? ఆర్నెల్లా? పదేళ్లా? బాయి మూతపడేదాకానా? మన్నుకు మాత్రం ఆ లెక్క తెలుసు. ఎత్తుగా గుట్ట పోస్తే లోపలికి గాలి ఆడదు, పట్టుకుని బతకడానికి వేరు దొరకదు. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని మైకోరైజా శిలీంధ్రం తగ్గిపోతూ వస్తుంది. చివరికి అక్కడ మిగిలేది మన్ను పీనుగ. దాని ముందు 'టాప్ సాయిల్' అని పచ్చరంగు బోర్డు నిలబెడతారు. సమాధి మీద పేరు చెక్కడం మన ఆచారమే కదా.

ఇదంతా అయ్యాక, ఎవరికో జ్ఞానోదయమవుతుంది. ఓబీ గుట్ట మీద మొక్కలు బతకడం లేదు! ఎలా బతుకుతాయి? అక్కడ సేంద్రియ కర్బనం లేదు, నత్రజని లేదు, వాన కురిస్తే జారిపోతుంది, ఎండ కాస్తే పెంకు కడుతుంది. నూరు టన్నుల డంపర్లు తొక్కి తొక్కి చదును చేసిన చోట గడ్డపార దిగదు, వేరేం దిగుతుంది? అయినా జ్ఞానోదయం జ్ఞానోదయమే. సమావేశం పెట్టారు. నేలలో ప్రాణం లేదు, కాబట్టి ప్రాణం కొనాలని తీర్మానించారు. ప్రాణానికి టెండర్ పిలిచారు. అర్హతలున్న బిడ్డర్లలో తక్కువ ధరకు ప్రాణం పోస్తానన్నవాడికి పని దక్కింది. బ్రహ్మదేవుడు కూడా ఈ టెండర్లో పాల్గొనలేకపోయేవాడు, ఆయనకు జీఎస్టీ నంబరు లేదు.

సూక్ష్మజీవుల మీద నాకే కోపమూ లేదు. అవి చేసే పని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలి. రైజోబియం పప్పుజాతి మొక్క వేరులో బుడిపె కట్టుకుని, గాలిలో ఉచితంగా తిరిగే నత్రజనిని పట్టి మొక్కకు వడ్డిస్తుంది. మైకోరైజా వేరు నుంచి సన్నని దారాలు సాగదీసి, వేరు చేరలేని సందుల్లోని భాస్వరాన్ని, తడిని లాక్కొస్తుంది. పైగా జిగురు పుట్టించి మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. ప్రతిఫలంగా మొక్క దానికి ఇంత చక్కెర పెడుతుంది. లోకంలో కాంట్రాక్టరు లేకుండా జరిగే పనుల్లో ఇదొకటి.

అందుకే కాబోలు, కాంట్రాక్టరు దూరేసరికి ఆగిపోయింది.

ఒక మే నెలలో, ఒక బాయి నర్సరీలో, రేకుల షెడ్డు కింద ఆ పాకెట్లను చూశాను. బయట 45 డిగ్రీలు. రేకు కింద ఎంతో ఆ రేకుకే తెలియాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇలాంటి పొడిలో గ్రాముకు 5 కోట్ల బతికున్న బాక్టీరియా ఉండాలి. నీడలో, చల్లని చోట పెట్టాలని పాకెట్ మీదే అచ్చు వేశారు. గడువు నెలల్లో ఉంది. పాకెట్ తెప్పించిన ఫైలు కదలడానికి పట్టింది ఏడాది పైన. నర్సరీలో నీళ్లు పోసే తాత, ఒకప్పుడు అక్కడే నాగలి పట్టినవాడు, సంచి తడిమి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సారూ, గీ సంచిల ఏం మందు?"

"మందు కాదు తాతా, సూక్ష్మజీవులు. మన్నులో ఉంటాయి, మొక్కకు తిండి అందిస్తాయి" అన్నాను, తెలిసినవాణ్ని కదా.

"బతికే ఉన్నయా?"

సూపర్‌వైజర్ తల ఎత్తకుండా, "బిల్లుల అయితే బతికే ఉన్నయి" అన్నాడు.

తాత కాసేపు ఊరుకున్నాడు. "మా చెల్క మన్నుల గివి ఉండెనా?"

"ఎందుకుండవు? కోట్లు కోట్లు ఉండేవి."

"మరి గవి ఏడబోయినయి?"

సూపర్‌వైజర్ చెయ్యెత్తి గుట్టను చూపించాడు.

"గాడ్నే ఉన్నయా? గట్లయితే ఎత్తుకరాండ్రి. కొనుడెందుకు?"

పది కన్సల్టెన్సీ నివేదికలకు సరిపడా సరుకు ఆ మాటలో ఉంది. కాకపోతే తాతకు లెటర్‌హెడ్ లేదు.

తరవాత తోటలోకి వెళ్లాం. రైజోబియం కలిపిన నీళ్లు పోస్తున్నారు. దేనికి? జామాయిల్ మొక్కలకు. పక్క వరసలో టేకుకు. రైజోబియానికి కావలసింది కంది, కానుగ, తుమ్మ లాంటి పప్పుజాతి బంధువులు. అందులోనూ ఏ రకం ఏ వేరుకు కుదురుతుందో చూసుకోవాలి. జామాయిల్ వేరు దగ్గర దానికి కుదిరే సంబంధం లేదు. పెళ్లివారిని తీసుకెళ్లి పక్కూరి విడిదిలో దించినట్టు, పాపం, ఆ బాక్టీరియా ఎవరూ పలకరించక ఎండలో కూచుని ఎండిపోయింది. ఎస్టిమేటులో మాత్రం 'జీవన ఎరువుల ప్రయోగం, మొక్కలన్నింటికీ' అని ఉంది. మొక్కలన్నింటికీ అన్నారు, వివక్ష చూపకూడదు.

మైకోరైజా సంగతి మరీ దారుణం. బతికున్న వేరు పట్టుకుంటేగాని దానికి బతుకు లేదు. అందుకే నర్సరీ సంచిలోనే, వేరు పక్కన, పిడికెడు పెట్టాలి. మావాళ్లు దాన్ని మొక్కే లేని గుట్ట మీద విభూతి చల్లినట్టు చల్లారు. బతికిన కాస్తకూస్తకు సాయంత్రం డీఏపీ వేశారు. భాస్వరం అంత తేరగా దొరికాక మొక్క ఈ శిలీంధ్రాన్ని ఇంట్లోకి రానివ్వదు, దాని కూలి దానికి దండగ. పొద్దున పనిలో పెట్టి, సాయంత్రం ఆ పనికే యంత్రం తెచ్చారు. మన లోకంలో దీన్ని వీఆర్ఎస్ అంటారు.

ఇక సేంద్రియ ఎరువు. సూక్ష్మజీవికి అది కూడు. కూడు పెట్టకుండా బాక్టీరియాను గుట్ట మీద వదలడమంటే బంతిలో కూచోబెట్టి, విస్తరి వేసి, వడ్డన మరిచిపోవడం. గుంతకు ఇన్ని కిలోల పశువుల ఎరువు అని కాగితంలో ఉంది. పశువులు ఎక్కడున్నాయి? మేత భూములు గనిలోకి పోయిన రోజునే అవి సంతకు పోయాయి. కాబట్టి దూరం నుంచి లారీలో తెచ్చారు. లారీ బయలుదేరినప్పుడు పెంట, దారిలో మట్టి, గుంత దగ్గరికి వచ్చేసరికి ఉత్త దుమ్ము. సంతకాలు పెట్టినవాళ్లు ముక్కులు మూసుకోవలసిన అవసరం రాలేదంటే అందులో పెంట ఎంతుందో మీరే ఊహించుకోండి.

ఈ విద్యే బూటకమని నేననడం లేదు. సరిగ్గా చేస్తే ఏమవుతుందో నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో చేసి చూపించారు. ఆ జిల్లాలోనే గుమ్‌గావ్ మాంగనీసు గని దగ్గర గుట్ట మీద గడ్డిపోచకు దిక్కులేని రోజుల్లో, వాళ్లు చక్కెర మిల్లుల్లో మిగిలిపోయే ప్రెస్‌మడ్ తెచ్చి కలిపారు. అది కూడు. తరవాత మొక్కకు తగిన నత్రజని బాక్టీరియాను, వేర్ల దగ్గర మైకోరైజాను పెట్టారు. అది కూలీ. ఆ నేలకు తట్టుకునే చెట్లను ఎంచుకున్నారు. తరవాత ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. చెట్లు లేచాయి. మనవాళ్లు అక్కడికి స్టడీ టూర్ వెళ్లారో లేదో నాకు తెలియదుగానీ, వంటకం పేరు మాత్రం వినివచ్చారు. బియ్యం, నీళ్లు, పొయ్యి వదిలేసి పోపు ఒక్కటే వేస్తున్నారు.

నాగపూర్ దాకా ఎందుకు, ఆంధ్రాలో ప్రకృతి సేద్యం చేసే ఏ అక్కనడిగినా జీవామృతం ఎలా కలపాలో చెబుతుంది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, చివర్న పిడికెడు గట్టు మన్ను. మందులు తగలని, నాగలి తాకని గట్టు మీదిదో, చెట్టు కిందిదో మన్ను. బెల్లం, పిండి కూడు. ఆ పిడికెడు మన్ను తోడు, పాలకు చేమిరి వేసినట్టు. ఆ అక్క పిడికెడు మన్నును దేవుడి ప్రసాదంలా తెచ్చి కలుపుతుంది. కంపెనీ లక్షల లారీల అదే మన్నును రాళ్ల కింద పూడ్చి, చేమిరి కోసం టెండర్ వేస్తుంది.

అన్నట్టు, టెండర్ లేకుండా గనుల్లోకి వచ్చి చక్కగా స్థిరపడే బాక్టీరియా కూడా ఒకటుంది. బొగ్గుతోపాటు గంధకపు ఖనిజం బయటపడితే చాలు, గాలీ నీళ్లూ తోడు చేసుకుని దాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. మేఘాలయ జయంతియా కొండల్లో వాగులు పుల్లబారి చేపలు పోయింది ఆ చలవతోనే. మన గోదావరి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆ పేరంటం మనకు అంతగా రాలేదు. పిలవకుండా వచ్చినవాళ్లు అంత శ్రద్ధగా పనిచేస్తుంటే, పిలిచి తెచ్చినవాళ్లు చచ్చిపోతున్నారు. పర్సనెల్ డిపార్టుమెంటు ఆలోచించవలసిన విషయం.

మరి పచ్చదనం లేదా అంటే, ఉంది. దూరం నుంచి బ్రహ్మాండంగా ఉంది. సుబాబుల్, జామాయిల్ వరసలు సైనికుల్లా నిలబడి ఉన్నాయి. నేలను తిరిగి ఎంత బాగుచేశారో ఉపగ్రహ చిత్రాలతో కొలిచే పద్ధతి కూడా మన బొగ్గు రంగంలో ఉంది. ఉపగ్రహానికి ఆకు కనబడుతుంది, వేరు కనబడదు. చెట్ల కిందికి వెళ్లి చూడండి: రాలిన ఆకు రాలినట్టే ఉంది, కుళ్లించే నాథుడు లేడు. చీమ లేదు, ఎర్ర లేదు, గడ్డి లేదు. తోట కాదది, తోట ఫోటో.

ఆ ఫోటోకు విలువ ఉంది మరి. గని మూసివేత ఖర్చు కోసం కంపెనీలు ముందే డబ్బు కట్టి ఉంచాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్టుకు అప్పట్లో హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతా. 2013లో సవరించి, పని జరిగిందని తనిఖీలో తేలితే ఐదేళ్లకోసారి అందులో 80 శాతం దాకా వెనక్కి తీసుకోనిచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఐదేళ్లకు పరీక్ష అంటే, మన విద్యార్థి నాలుగేళ్ల పదకొండు నెలలు ఏం చేస్తాడో మనకు తెలియదా? తనిఖీకి ముందు వానాకాలంలో మొక్కలు నాటడం, మంత్రిగారు గుంత దగ్గర వంగడం, బ్యానర్ మీద 'జీవ సాంకేతిక పద్ధతిలో' అని రాయించడం. అరకిలో పాకెట్ అక్కడ ఎరువు కాదు, బ్యానర్‌లోకి ఒక విశేషణం.

సుప్రీంకోర్టు కూడా గడ్డి పెట్టింది, అక్షరాలా. 2020 జనవరి 8న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో చెప్పింది: గని తవ్విన నేల మీద లీజుదారే తన ఖర్చుతో తిరిగి గడ్డి మొలిపించాలి, పశువుకు మేత, మొక్కకు చోటు, జీవికి నీడ దొరికేలా చేయాలి, ఆ షరతును లీజుల్లో పెట్టండని. మన వ్యవస్థకు గడ్డి తినే అలవాటు ముందునుంచీ ఉంది. మొలిపించడమే కొత్త. ఆ గడ్డి మొలిస్తే దాన్ని మేయడానికి పశువులు కావాలి, పశువులను కట్టుకోవడానికి ఊరు కావాలి, ఊరికి కూచోవడానికి బొడ్రాయి కావాలి. అన్నీ ఓబీ కింద ఉన్నాయి. ఆ తాత తోటలో నీళ్లు పోసుకుంటూ, తన చెల్క వైపు, అంటే ఆకాశం వైపు, చూస్తున్నాడు.

బాక్టీరియాకు నా సలహా ఒక్కటే. నాయనలారా, మీరు రాకండి. మీరొస్తే గుంత తవ్వనివాడికి కూడా శాస్త్రజ్ఞుడన్న పేరు వస్తుంది. తీసిన మన్ను తీసినట్టే పక్క గుట్ట మెట్టు మీద పరచి, జీలుగు, జనుము, పిల్లిపెసర చల్లితే, మీ అన్నదమ్ములు కోట్లమంది అందులో ముందే ఉన్నారు. మీ అవసరం సగానికి సగం తప్పుతుంది. మన్ను దొరకని పాత గుట్టల దగ్గరకైతే రండి, కానీ కూడు లారీ ముందు రావాలని, పరిచిన గుట్టను ముందు దున్నాలని, షెడ్డు రేకులది కాకూడదని రాసి ఇస్తేనే సంతకం పెట్టండి. మీకు యూనియన్ లేదు కాబట్టి ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

మీ ఊళ్లో రేపోమాపో కొత్త గనికో, పాత గని విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. షామియానా వేస్తారు, మజ్జిగ పాకెట్లు ఇస్తారు, తెర మీద పచ్చని గుట్టల బొమ్మలు చూపిస్తారు, సూక్ష్మజీవుల పేర్లు నోరు తిరగకపోయినా చదువుతారు. ఉద్యోగాల గురించి అడగండి, నష్టపరిహారం గురించి అడగండి, తప్పదు. వాటితోపాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మా పైమన్ను ఏ సర్వే నంబరులో పోస్తారు? ఎంత ఎత్తు దాటకుండా పోస్తారు? ఎన్ని నెలల్లో తిరిగి పరుస్తారు? 'ఎక్కువ కాలం' అన్న జవాబు ఒప్పుకోకండి, అంకె చెప్పించండి. సభలో జరిగినదంతా చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ అంకెను తెలుగులో చదివి వినిపించేదాకా కుర్చీలోంచి లేవకండి.